కొండమీది రన్‌వేకు కాపలా

మంగళూరు విమానాశ్రయాన్ని బజ్పె దగ్గర కొండను చదును చేసి కట్టారు. రన్‌వే కొస దాటితే లోయే. ఇలాంటివాటిని టేబుల్‌టాప్ రన్‌వేలంటారు. ఇక్కడ లెక్క తప్పితే సర్దుకునే చోటు తక్కువ.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వేపై చాలా దూరం దాటాక గానీ నేలను తాకలేదు. ఆగలేక లోయలో పడింది. 158 మంది చనిపోయారు, 8 మంది బయటపడ్డారు. దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాల్సిందని విచారణ తేల్చింది.

ప్రమాదం ఒక ఎత్తు, కుట్ర మరో ఎత్తు. 2020 జనవరి 20న అక్కడే టికెట్ కౌంటర్ దగ్గర ఎవరూ లేని బ్యాగు కనిపించింది. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) జవాన్లు తనిఖీ చేస్తే, లోపల పేలుడు పదార్థం! బాంబు నిర్వీర్య దళం దాన్ని బయటి మైదానానికి తరలించి పేల్చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

1999లో భారత విమానాన్ని కాందహార్‌కు హైజాక్ చేశాక, 2000లో జైపూర్‌తో మొదలై విమానాశ్రయాల కాపలా సీఐఎస్‌ఎఫ్ చేతికొచ్చింది. నిబంధనలు పెట్టేది మాత్రం పౌర విమానయాన భద్రతా బ్యూరో.

భద్రత అంటే కాపలా ఒక్కటే కాదు. మంటలు లేస్తే ఫైరింజన్లు 3 నిమిషాల్లోపే రన్‌వేపై ఏ మూలకైనా చేరాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. చుట్టుపక్కల చెత్త, మాంసం వ్యర్థాలు పారేయకూడదన్న నియమమూ ఉంది. వాటికోసం వాలే గద్దలు విమానం ఇంజిన్లో పడితే ముప్పే.

ప్రయాణికులుగా మన వంతూ ఉంది. పవర్‌బ్యాంకును చెక్-ఇన్ లగేజీలో కాక చేతిబ్యాగులోనే పెట్టుకోండి. ఎవరిదో తెలియని బ్యాగు కనిపిస్తే ముట్టుకోకుండా జవానుకు చెప్పండి.