అర్జీ పెట్టారు సరే, స్టే తెచ్చుకున్నారా?

ఉద్యోగంలో ఉండగా చూపో కాలో పోగొట్టుకున్న చాలామంది, దివ్యాంగుల కమిషనర్‌కు అర్జీ పంపితే యాజమాన్యం ఇక తమను తీసెయ్యలేదని నమ్ముతారు. ఈ నమ్మకమే కుటుంబాల జీతం పోగొడుతోంది.

చట్టం గట్టిదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సర్వీసులో వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే పే స్కేలుతో వేరే పని ఇవ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టులో ఉంచాలి. విశాఖ పోర్టుకూ ఉక్కు కర్మాగారానికీ ఇది వర్తిస్తుంది.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన పని వెంటనే అయిపోదు. విశాఖ పోర్టులో ఓడ తిన్నగా బెర్తుకు రాదు. బయట లంగరేసి ఆగుతుంది, పైలట్ ఎక్కుతాడు, డాల్ఫిన్ నోస్ కొండ పక్క ఇరుకు చానెల్ దాటాకే లోపలి హార్బరు. కేసూ అంతే. మొదట లంగరెయ్యాల్సిన చోటు మీ సంస్థలోని ఫిర్యాదుల పరిష్కార అధికారి. రిజిస్టరులో ఎక్కిన రెండు వారాల్లో ఆయన విచారించాలి. కాబట్టి కాగితం ఇచ్చి వచ్చేయకండి. రిజిస్టరు నంబరు, తేదీ రాయించుకుని ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. మెడికల్ బోర్డు నివేదిక, సదరం సర్టిఫికెట్ జతచెయ్యండి. ‘న్యాయం చెయ్యండి’ అని ఊరుకోక, ‘స్టోర్సులో ఫలానా పని చెయ్యగలను’ అని రాయండి. రంగులు గుర్తించలేడని ఆర్టీసీ 2016లో ఇంటికి పంపిన డ్రైవరు కేసులో, వేరే పని ఇచ్చే ప్రయత్నమే చెయ్యలేదని సుప్రీంకోర్టు సంస్థను తప్పుపట్టింది. ఆ తీర్పు వచ్చింది 2025 ఆగస్టులో. ఉద్యోగం తిరిగొచ్చింది, బకాయిల్లో మాత్రం 25 శాతమే దక్కింది.

ఫిర్యాదుల అధికారి దగ్గర తేలకపోతే దివ్యాంగుల జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. కమిషనర్‌కు రాస్తే, పోర్టు, ఉక్కు ఉద్యోగులు ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు, రాష్ట్ర ఉద్యోగులు రాష్ట్ర కమిషనర్‌కు రాయాలి. కమిషనర్ సాక్షుల్ని పిలిపించగలరు, కాగితాలు తెప్పించగలరు, సిఫారసు చెయ్యగలరు. తొలగింపును మధ్యంతరంగా ఆపే అధికారం మాత్రం లేదని 2010లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాటియాలా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నోటీసు చేతికొస్తే వెంటనే అమరావతిలోని హైకోర్టులో రిట్ వేసి స్టే కోరాలి. మీ సంస్థ పరిపాలనా ట్రిబ్యునల్ పరిధిలో ఉంటే ముందు అక్కడికే.

రిట్‌ను మూఢం పోయాక వేద్దామని ఆగేవాళ్లున్నారు. ఇది ప్రమాదకరమైన మూఢనమ్మకం. ఆలస్యానికి కారణం కోర్టు మిమ్మల్నే అడుగుతుంది.

వకీలు ఫీజుకూ వెనకాడకండి. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద వైకల్యమున్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.