కిడ్నీ క్యాన్సర్ దొడ్డిదారి

పెద్దవారిలో వచ్చే కిడ్నీ క్యాన్సర్లలో అధికభాగం రీనల్ సెల్ కార్సినోమా. అది సాధారణంగా ఊపిరితిత్తులకు, ఎముకలకు, లింఫ్ గ్రంథులకు, కాలేయానికి, మెదడుకు పాకుతుంది. అంతవరకు వింత లేదు. థైరాయిడ్‌లో, క్లోమంలో, ముక్కులో, నాలుక మీద, తలపై చర్మంలో కూడా అది తేలుతుంది. కిడ్నీ తీసేసిన పదేళ్లకు బయటపడ్డ సందర్భాలూ వైద్య గ్రంథాల్లో ఉన్నాయి.

చిక్కుముడి ఇక్కడే. కిడ్నీ నుంచి బయల్దేరిన రక్తం అధోమహాసిర గుండా గుండె కుడివైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్తుంది. దారి తప్పిన క్యాన్సర్ కణాలు అక్కడి సన్నటి కేశనాళికల్లో ముందుగా చిక్కుకోవాలి. మరి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉండగా ముక్కులో గడ్డ ఎలా మొలుస్తుంది?

1940లో అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆస్కార్ బాట్సన్ దీనికి దారి చూపాడు. నిజానికి ఆయన వెతికింది ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు ఎలా చేరుతుందని. మృతదేహాల్లో పురుషాంగపు సిరలోకి ఎక్స్‌రేలో కనిపించే ద్రవం ఎక్కిస్తే అది వెన్నెముక చుట్టూ అల్లుకున్న సిరల్లోకి పాకింది. ఆ సిరలు కటి నుంచి పుర్రె దాకా ఉంటాయి. వాటిలో కవాటాలు దాదాపు ఉండవు. కాబట్టి రక్తం ఎటైనా పారగలదు. దగ్గినా, ముక్కినా కడుపులో ఒత్తిడి పెరిగి రక్తం ఈ దొడ్డిదారిలోకి మళ్లుతుంది. కిడ్నీ సిరలకూ, ముఖ్యంగా ఎడమ సిరకూ, దీనితో సంబంధం ఉంది. ఊపిరితిత్తుల గడప తొక్కకుండానే కణం తలకెక్కవచ్చు.

అయితే సిరల లెక్క ఒక్కటే చాలదు. కణాలు రక్తప్రవాహం తోసిన చోటే నాటుకుంటాయని అమెరికన్ పాథాలజిస్టు జేమ్స్ యూయింగ్ వాదించాడు. చాలాకాలం ఆయన మాటే చెల్లింది. కానీ ఆ వాదన పూర్తి నిజం కాదు. మిగతా అవయవాలను వదిలి క్లోమంలోనే గడ్డలు కట్టే రోగులున్నారు. క్యాన్సర్ కణమనే విత్తనానికి తగిన నేల కావాలని ఇంగ్లిష్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ 1889లోనే అన్నాడు. ఈ విషయంలో పాజెట్‌దే పైచేయి.

థైరాయిడ్‌లో మరో చిక్కుంది. పాక్స్-8 అనే ప్రోటీన్ గుర్తు కిడ్నీ కణాల్లోనూ, థైరాయిడ్ కణాల్లోనూ కనిపిస్తుంది. పాథాలజిస్టుకు పాత కిడ్నీ ఆపరేషన్ సంగతి తెలియకపోతే కిడ్నీ నుంచి వచ్చిన గడ్డను థైరాయిడ్ సొంత క్యాన్సర్ అనుకోవచ్చు. థైరోగ్లోబులిన్ పరీక్ష తేడా తేలుస్తుంది. అయితే అది చేయించాలన్న ఆలోచన ముందు రావాలి. అందుకు పాత ఆపరేషన్ కాగితం డాక్టరు చేతిలో ఉండాలి.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి దాదాపు 300 కిలోమీటర్లు. అంత దూరం వచ్చాక పాత కాగితం ఇంట్లో మరిచామంటే రోజంతా వృథా. కిడ్నీ తీయించుకున్నవారు ఎన్నేళ్లయినా ఆ ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు దాచుకుని, మెడలో గడ్డ వచ్చినా, ముక్కు నుంచి పదేపదే రక్తం కారినా డాక్టరుకు ముందుగా అదే చూపించాలి.