ఆంగ్లమున ‘సెట్’ శబ్దము: నానార్థ విచారము

నానార్థశబ్దములకు మన శాస్త్రకారులు చూపిన ప్రసిద్ధోదాహరణము సైంధవ శబ్దము. భోజన సమయమున సైంధవము తెమ్మన్నచో లవణము, ప్రయాణ సమయమున తెమ్మన్నచో అశ్వము. ఆంగ్లమున నిత్యవ్యవహారములోనున్న ‘సెట్’ అను చిన్న పదము ఈ విషయమున మరింత విచారింపదగినది. 1989లో 20 సంపుటములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువు ద్వితీయ ముద్రణమున అన్నిటికంటె దీర్ఘమైన ఆరోపము దీనిదే. అందు క్రియారూపమునకే దాదాపు 430 అర్థములు చూపబడినవి. తరువాతి సవరణలలో ‘రన్’ క్రియకు 645 అర్థములు తేలుటచే 2011 నాటికి ప్రథమస్థానము దానికి చెందినది. అర్థమును ఎంత సూక్ష్మముగ విభజించిన సంఖ్య అంత పెరుగును. కావున సంఖ్యకంటె రెండు ప్రశ్నలు ముఖ్యములు. ఇది ఒక శబ్దమా, పెక్కు శబ్దములా? శ్రోతకు అర్థనిశ్చయ మెట్లు కలుగుచున్నది?

మొదటి ప్రశ్నకు వ్యుత్పత్తియే సమాధానము. క్రియయైన ‘సెట్’ ప్రాచీనాంగ్లమున ‘కూర్చుండు’ అను ధాతువునకు ప్రేరణరూపము, అనగా కూర్చుండబెట్టుట. సంస్కృతమున ‘సద్’ ధాతువు, దాని ప్రేరణరూపమగు ‘సాదయతి’ దీనికి సజాతీయములు. పరిషత్తు, ఉపనిషత్తు అను పదములందున్నది ఈ ధాతువే. సముదాయార్థకమగు ‘సెట్’ నామవాచకము వేరు. అది లాటిను ‘సెక్తా’ నుండి ప్రాచీన ఫ్రెంచి ద్వారమున వచ్చినది. దాని మూలము అనుసరించుట అను అర్థముగల ధాతువు. సచివ శబ్దమునందలి ‘సచ్’ ధాతువు దానికి సజాతీయము. కాలక్రమమున ఈ రెండును ఏకరూపమును పొంది, క్రియ యొక్క అర్థచ్ఛాయలు నామమునకును సంక్రమించినవి. కనుక ఇచట శబ్దభేదమును కలదు, ఏకశబ్దమునకు అర్థవిస్తారమును కలదు.

రెండవ ప్రశ్నకు భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండమున చెప్పిన సంయోగ, ప్రకరణాది నియామకములు చక్కగ ఉపకరించును. సూర్యునితో చేరిన ‘సెట్’ అస్తమించుట. పెరుగుతో చేరినచో తోడుకొనుట, రత్నముతో పొదుగుట, విరిగిన ఎముకతో అతికించుట, ముద్రాక్షరములతో కూర్చుట, బోనుతో ఒడ్డుట, తేదీతో నిర్ణయించుట. గణితప్రకరణమున అది సమితి, టెన్నిసు ప్రకరణమున ఆటలోని ఒక భాగము, చలనచిత్ర ప్రకరణమున కృత్రిమ రంగస్థలము. భర్తృహరి పేర్కొన్న ‘వ్యక్తి’, అనగా లింగము, ఇచట పనిచేయదు. ఆంగ్లమున ఆ పనిని వాక్యమునందలి పదస్థానము చేయుచు, ఇది నామమా క్రియయా అని తెలుపుచున్నది. స్వరము సైతము ‘సెట్’ విషయమున నిరుపయోగమే. కాని ‘రికార్డు’ వంటి పదములలో మొదటి అక్షరము ఊనినచో నామము, రెండవది ఊనినచో క్రియ యగును. స్వరము వేదమునందే అర్థనియామకము, కావ్యమునందు కాదని మమ్మటుడు చెప్పిన నియమము ఆంగ్లవ్యవహారమునకు వర్తింపదు.

ఉపసర్గల సామ్యము మరియొకటి. ‘హృ’ ధాతువు ప్రహార, ఆహార, సంహార, విహారములగునట్లే, ‘సెట్ ఔట్’ బయలుదేరుట, ‘సెట్ అప్’ నెలకొల్పుట, ‘సెట్ ఇన్’ ఋత్వాదులు ప్రవేశించుట యగును. లౌకిక సంస్కృతమున ఉపసర్గ ధాతువునకు ముందు చేరును. ఆంగ్లమున అట్టి పదము క్రియకు వెనుక నిలిచి, తరచు కర్మపదముచే వేరుపడును. వేదభాషయందును ఉపసర్గ ధాతువునకు దూరముగ నిలుచుట కలదు. ఇట్లు చేరిన పిమ్మటను నానార్థత తొలగదు. ‘సెట్ అసైడ్’ ధనవిషయమున ప్రత్యేకించి ఉంచుట, న్యాయస్థానమున తీర్పును కొట్టివేయుట.

దీనివలన బోధకులకును నిఘంటుకర్తలకును తేలునది ఒకటి. ‘సెట్’ అనగా ‘ఉంచుట’ అని ఒక్క పర్యాయపదమును వల్లింపజేసినచో, విద్యార్థి సూర్యుని సైతము ఎచటనో ఉంచవలసి వచ్చును. పైని ఏడు ప్రయోగములకు తెలుగున ఏడు క్రియలు సిద్ధముగనున్నవి. అవి ఆంగ్లపదమునకు గాక, దాని సహచరపదముతో కూడిన ప్రయోగమునకు సమానార్థకములు. కనుక ఆంగ్లాంధ్ర నిఘంటువులందు ముందుగ సహచరపదమును, పిదప అర్థమును చూపుట యుక్తము. అట్లు చూపినచో భర్తృహరి సూత్రించిన పద్ధతి పరీక్షాపాఠ్యమునకే పరిమితము కాక, నేటి అనువాదకునికి పనిముట్టు కాగలదు.