ఆదివారం పల్లెవెలుగు ఎక్కి చూడండి!

కోచింగ్‌ కోసం విజయవాడ వచ్చిన కొత్త. హాస్టల్‌ గదిలో నాలుగు మంచాలు, ఒక్క కిటికీ. అది తెరిస్తే ఎదురు బిల్డింగ్‌ గోడ. ఆరు నెలలు అలాగే గడిచాక ప్రిలిమ్స్‌ ఫలితాలొచ్చాయి. లిస్టులో నా నంబరు లేదు. ఇంటికి ఫోన్‌ చేసే ధైర్యం లేదు, గదికి వెళ్లబుద్ధి కాలేదు. పండిట్‌ నెహ్రూ బస్‌స్టేషన్‌లో కూర్చున్నా. ఎదురుగా నూజివీడు బోర్డుతో పల్లెవెలుగు బస్సు కదులుతోంది. ఎక్కేశా.

రాలిన కాయల మధ్య

నున్న దాటగానే ఊరి రొద తగ్గింది. ఆగిరిపల్లి వచ్చేసరికి రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలే. విజయవాడ నుంచి నూజివీడు సుమారు 45 కిలోమీటర్లు. నేను ఊరు చేరకముందే, నీడ బాగుందని ఒక తోట దగ్గర దిగిపోయా.

అది ఏప్రిల్‌ నెల. ముందురోజు రాత్రి ఈదురుగాలి వీచింది. చెట్ల కింద ఎటు చూసినా పచ్చికాయలే. తోట కౌలుకు తీసుకున్న పెద్దాయన గోనె సంచుల్లోకి ఏరుతున్నాడు. ‘‘ఏం బాబూ, ఇలా వచ్చావ్‌?’’ అన్నాడు. ఊరికే చూద్దామని వచ్చానన్నా. ‘‘చూడు మరి. సగం కాపు నేలమీదే ఉంది. కౌలు మాత్రం మొత్తం కట్టాల్సిందేగా!’’

మరి ఇవన్నీ ఏం చేస్తారని అడిగా. ‘‘పచ్చడికో, ఒరుగులకో పోతాయి. వచ్చినకాడికి వస్తుంది. ముందు చెట్టు మీదున్నవి కాపాడుకోవాలి.’’

గంటసేపు ఆయనతో కలిసి కాయలు ఏరా. పోయినదాని లెక్క చెబుతూనే ఉన్నాడు గానీ, చెయ్యి మాత్రం ఆపలేదు. సాయంత్రం నూజివీడు బస్టాండులో టీ తాగి ఇంటికి ఫోన్‌ చేశా. అనుకున్నంత కష్టం కాలేదు.

తోటకు వెళ్తే...

డిసెంబరు, జనవరిలో వెళ్తే పూత చూడొచ్చు. కోతలు ఏప్రిల్‌ నుంచి జూన్‌ దాకా. చిక్కం కట్టిన కర్రతో కాయ నేల తగలకుండా, సొన అంటకుండా ఎలా దించుతారో చూడటం ఒక పాఠమే. నూజివీడు అంటే రసాలు. చిన్నరసం, పెద్దరసం మెత్తగా పిసికి జుర్రుకోవాలి, బంగినపల్లి కోసుకుని తినాలి. ఇక్కడ ‘కలెక్టర్‌’ అనే తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. పెద్ద బేరాలు చూడాలంటే సీజన్‌లో పొద్దున్నే నున్న మార్కెట్‌కి వెళ్లండి.

ఒక్క మాట. చాలా తోటల్ని పూత మీదే వ్యాపారులు కొనేస్తారు. ప్రతి కాయా ఎవరిదో అప్పు. అడగకుండా లోపలికి వెళ్లొద్దు, కాయ ముట్టుకోవద్దు. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఒక్కరోజులో ఇంకెక్కడికి?

* ఆగిరిపల్లి: నూజివీడు దారిలోనే. శోభనాచలం కొండ మెట్లెక్కితే నరసింహస్వామి గుడి, చుట్టూ పచ్చని పొలాలు.
* ఉండవల్లి: ప్రకాశం బ్యారేజీ దాటగానే. గుహలో ఒకే రాతిలో మలిచిన అనంతపద్మనాభస్వామి. పైఅంతస్తు నుంచి పంట పొలాలు కనిపిస్తాయి.
* కొండపల్లి: 14వ శతాబ్దపు ఖిల్లా, కింద ఊళ్లో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే ఇళ్లు.
* ఆటపాక: కైకలూరు పక్కన, కొల్లేరు అంచున. చలికాలంలో పెలికాన్ల సందడి. కొల్లేరుకు 2002లో రామ్‌సర్‌ గుర్తింపు వచ్చింది.
* గుంటుపల్లి: ఏలూరు నుంచి కామవరపుకోట వెళ్లి, అక్కడి నుంచి ఆటో. కొండను తొలిచి చేసిన గుండ్రటి చైత్యం లోపల, చెక్క దూలాల్లా చెక్కిన రాతి పైకప్పు. చైత్యం, విహారం అని బట్టీ పట్టేవాళ్లు ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు.

కొత్త చోటు వెతకడం ఎలా?

ఫోన్‌ కన్నా ముందు మనుషుల్ని అడగండి. మెస్‌లో వండే అక్కది ఏ ఊరు? రూమ్మేట్‌ది ఏ పల్లె? ‘మా ఊరు రారా’ అని ఒక్కరైనా అంటారు. రెండోది, బస్‌స్టేషన్‌లో పల్లెవెలుగు బోర్డులు చదవండి. పేరు ఎప్పుడూ వినని ఊరైతే ఇంకా మంచిది. మ్యాప్‌లో శాటిలైట్‌ వ్యూ పెడితే చెరువులు, తోటలు, కొండలు ఇట్టే తెలిసిపోతాయి.

రైల్లో వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక: నూజివీడు పేరుతో ఉన్న స్టేషన్‌ హనుమాన్‌ జంక్షన్‌ దగ్గర ఉంది. ఊరు అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. బస్సే నయం.

ఇవి మర్చిపోవద్దు

దిగేముందే కండక్టర్‌ని తిరుగు బస్సు ఎప్పుడో అడగండి. ‘ఆఖరి బస్సు ఎన్నింటికన్నా?’ అన్న ప్రశ్నే రాత్రి ఇబ్బంది తప్పిస్తుంది. నీళ్ల సీసా, టోపీ, పెరుగన్నం డబ్బా ఉంటే ఖర్చు టికెట్టే. అమ్మాయిలకు అదీ లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఏపీఎస్‌ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం. ఆధార్‌ దగ్గరుంచుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో ఒకరికి చెప్పి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి.

‘ఒక ఆదివారం పోతే సిలబస్‌ ఏమైపోతుందో’ అనిపిస్తుంది, నిజమే. నాకూ అనిపించింది. కానీ గోడకేసి చూస్తూ పోగొట్టుకున్న ఆదివారాలు అంతకన్నా ఎక్కువే. నెలకొక్కటి చాలు. సోమవారం పొద్దున పుస్తకం తెరిచినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.