కారులో చలువ ఎక్కడికి పోయింది?

పిల్లలూ! ఎండాకాలంలో కుండలో పోసిన నీళ్ళు చల్లగా ఎందుకు ఉంటాయో మీకు తెలుసు కదా. కుండకు కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో నుంచి నీరు కొద్దికొద్దిగా పైకి ఊరి ఆవిరి అయిపోతుంది. ఏ ద్రవమైనా ఆవిరి కావటానికి వేడి కావాలి. ఆ వేడిని అది లోపలి నీళ్ళ నుంచే లాక్కుంటుంది. అందుచేత నీళ్ళు చల్లబడతాయి.

కారులో ఉండే ఏసీ కూడా ఈ కుండకు చుట్టమే. ఈ సంగతి తెలియక ఒక టాక్సీ డ్రైవరు 30 వేల రూపాయలు పోగొట్టుకోబోయాడు. తెలిసిన ఒక ముసలి మేస్త్రీ ఆయనను కాపాడాడు. ఆ కథ వినండి.

ఆ డ్రైవరుది విజయవాడ. అప్పు చేసి కారు కొనుక్కున్నాడు. మే నెల వచ్చేసరికి కారులో ఏసీ సరిగా పనిచేయటం మానేసింది. ఒక షెడ్డులో చూపిస్తే, "గ్యాసు తగ్గింది," అని గ్యాసు ఎక్కించారు. వారం తిరగకుండా మళ్ళీ అదే గొడవ. మళ్ళీ ఎక్కించారు. ఈసారి మునుపటికన్నా అన్యాయమయింది. అప్పుడు వాళ్ళు, "అయితే కంప్రెసర్ పోయి ఉంటుంది. కొత్తది వేయటానికి 30 వేలు అవుతుంది," అన్నారు.

డ్రైవరు ఇంట్లో ఉన్న డబ్బంతా కూతురి స్కూలు ఫీజు కోసం దాచినది. బడి తెరవటానికి ఇంకా 15 రోజులే ఉన్నాయి. కాని ఏసీ లేని కారు మే నెలలో ఎవరు ఎక్కుతారు? వారానికి రెండుసార్లు ఆయన కారులో గుంటూరు ఆసుపత్రికి వెళ్ళే పెద్దాయన కూడా, "ఈ ఉక్కకు తట్టుకోలేకపోతున్నాను నాయనా, ఇంకో బండి చూసుకుంటాను," అన్నాడు. ఇక లాభం లేదని డ్రైవరు ఆ డబ్బు సంచీలో పెట్టుకుని ఆటోనగర్ బయలుదేరాడు. ఏడో తరగతి చదివే కూతురు కూడా వెంట వచ్చింది.

తెలిసినవాళ్ళు ఆయనను ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి పంపారు. మేస్త్రీ వెంటనే బోనెట్ ఎత్తలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"గాలి వస్తున్నదా, లేదా?"

"గాలి బాగానే వస్తున్నదండీ. చల్లదనమే లేదు."

"ఎప్పుడూ లేదా, అప్పుడప్పుడా?"

డ్రైవరు ఆలోచనలో పడ్డాడు. జవాబు కూతురు చెప్పింది. "తాతా, గుంటూరు రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు కాస్త చల్లగానే ఉంటుంది. టోల్ గేటు దగ్గర ఆగితే వేడిగాలి వస్తుంది. బయలుదేరితే మళ్ళీ చల్లబడుతుంది."

మేస్త్రీ ముఖం వికసించింది. "సగం రోగం నువ్వే కనిపెట్టావమ్మా!" అన్నాడు.

"ఎలా తాతా?"

"చెబుతాను విను. చలువ అనేది ఒక వస్తువు కాదు. దాన్ని ఎవరూ తయారుచేయలేరు. ఏసీ చేసేదల్లా కారు లోపలి వేడిని మోసుకుపోయి బయట పారబోయటమే. ఆ మూట మోసే కూలీయే గ్యాసు. చాలా కార్లలో ఉండే గ్యాసు పేరు ఆర్-134ఎ. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది కదా? మామూలు గాలి ఒత్తిడిలో ఇది సున్నాకు 26 డిగ్రీలు దిగువనే మరిగి ఆవిరి అవుతుంది. కాని బాగా ఒత్తిడి పెట్టామంటే, ఎండలో కూడా మళ్ళీ ద్రవంగా మారుతుంది. ఈ కిటుకు మీదే యంత్రమంతా నడుస్తుంది.

"డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ ఉంటుంది. అందులో ఒత్తిడి తక్కువ. అక్కడ ద్రవం ఆవిరి అవుతూ కారు లోపలి వేడిని తీసుకుంటుంది. నీ కుండ అదే! ఆ ఆవిరిని కంప్రెసర్ లాక్కుని గట్టిగా నొక్కి, కారు ముందు భాగంలో ఉండే కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ గ్యాసు తన వేడిని బయటి గాలికి ఇచ్చేసి ద్రవమవుతుంది. తరువాత ఒక సన్నని దారి గుండా పోయేసరికి ఒత్తిడి తగ్గి, మళ్ళీ కూలింగ్ కాయిల్ చేరుతుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది."

అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే, కూలీ మూట ఎక్కడ దించలేకపోతున్నాడో చూడాలన్నమాట!" అన్నది.

"శభాష్! కారు పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌కు తగిలి వేడిని తీసుకుపోతుంది. ఆగినప్పుడు ఎదురుగాలి ఉండదు. అప్పుడు గాలి విసరటానికి అక్కడ ఒక ఫ్యాను ఉంటుంది. ఇప్పుడు చూద్దాం."

మేస్త్రీ ఇంజను నడిపించి, ఏసీ వేసి, అమ్మాయిని లోపల కూర్చోమన్నాడు. వేడిగాలి వస్తున్నది. ఆయన బయట నిలబడి కండెన్సర్ మీద సన్నగా నీళ్ళు చల్లాడు. కొంచెంసేపటికి అమ్మాయి లోపలి నుంచి, "తాతా, చల్లగాలి వస్తున్నది!" అని కేక పెట్టింది.

"చూశావా అబ్బాయ్," అన్నాడు మేస్త్రీ డ్రైవరుతో. "కంప్రెసర్ పోయి ఉంటే ఎన్ని బిందెలు పోసినా ఈ గాలి చల్లబడదు. నీ కంప్రెసర్ గుండ్రాయిలా ఉన్నది. వేడి బయటికి పోవటం లేదు, అంతే!"

బోనెట్ ఎత్తి చూస్తే కండెన్సర్ ఫ్యాను తిరగటం లేదు. రేడియేటరుకు వేరే ఫ్యాను ఉండటం చేత ఇంజను మాత్రం వేడెక్కలేదు. మేస్త్రీ ముందు ఫ్యూజు తీసి చూశాడు. అది బాగానే ఉన్నది. బ్యాటరీ నుంచి తిన్నగా ఫ్యానుకు తీగలు తగిలించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. అంటే మోటారు కూడా మంచిదే. ఇక మిగిలింది రిలే. అది అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉండే మీట. స్విచ్ నుంచి వచ్చే కొద్ది కరెంటుతో ఫ్యానుకు ఎక్కువ కరెంటు అందించటం దాని పని.

ఆ కారులో హారన్‌కు కూడా అలాంటి రిలేయే ఉన్నది. మేస్త్రీ రెండింటినీ అటుదిటు చేశాడు. వెంటనే ఫ్యాను తిరిగింది. అమ్మాయి హారన్ నొక్కింది. హారన్ మూగబోయింది! దొంగ దొరికిపోయినందుకు ముగ్గురూ నవ్వుకున్నారు.

కొన్ని వందల రూపాయలతో కొత్త రిలే వచ్చింది. అయినా మేస్త్రీ అంతటితో వదలలేదు. కారులో ఉన్న గ్యాసును యంత్రంలోకి లాగి తూచాడు. బోనెట్ కింద అతికించిన కాగితం మీద ఎన్ని గ్రాములు ఉండాలో రాసి ఉంటుంది. అంతకన్నా ఎక్కువ ఉన్నది. "ఇరుకు గదిలో జనాన్ని కుక్కినట్టు చేశారు. అందుకే రెండోసారి ఎక్కించినాక మరీ పాడయింది," అని, సరిగ్గా కాగితంలో ఉన్నంతే ఎక్కించాడు.

"గ్యాసు పెట్రోలులాగా ఖర్చయిపోదా తాతా?"

"ఖర్చు కాదమ్మా. అది మూసిన గొట్టాలలో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. గ్యాసుతోపాటు కొంచెం నూనె కూడా తిరుగుతుంది కనక, కారే చోట తరచు జిడ్డు మరక కనపడుతుంది. ముందు ఆ చిల్లి మూయాలి, తరువాత గ్యాసు ఎక్కించాలి. దాన్ని గాలిలోకి వదలటం కూడా తప్పే. పూర్వం కార్లలో వాడిన ఆర్-12 అనే గ్యాసు, భూమికి గొడుగులా ఉన్న ఓజోన్ పొరను దెబ్బతీసింది. అందుకని 1987లో మాంట్రియల్ నగరంలో అనేక దేశాలు ఒప్పందం చేసుకుని అటువంటివి మానుకుంటూ వచ్చాయి. ఆర్-134ఎ ఓజోన్ జోలికి పోదు. కాని భూమిని వేడెక్కించటంలో బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. అందుకే ఇప్పుడు దీన్ని కూడా తగ్గిస్తున్నారు."

టీ తాగుతూ మేస్త్రీ ఇంకా కొన్ని గుర్తులు చెప్పాడు. గాలే సన్నగా వస్తుంటే, ముందు లోపలి ఫిల్టరులో దుమ్ము పేరుకున్నదేమో చూడాలి. ఏసీ వేయగానే చాలా కార్లలో "టక్" మని చప్పుడు అవుతుంది. అది కంప్రెసర్‌ను ఇంజనుతో కలిపే క్లచ్. ఆ చప్పుడు రాకపోతే దానికి కరెంటు అందుతున్నదా అని చూడాలి. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ మొదటిసారిగా ఏసీ అమర్చిన కార్లు అమ్మజూపినప్పుడు ఈ క్లచ్ లేదు. చలి వేస్తే ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదీయవలసి వచ్చేది!

కొన్ని కార్లలో 24 అని అంకె పెడితే చాలు, చలువ అంతకు మించకుండా కారే చూసుకుంటుంది. 1964 మోడల్ క్యాడిలాక్ కార్లతో ఈ ఏర్పాటు వచ్చింది. కారు లోపలి వేడినీ, బయటి వేడినీ, ఎండనూ పసికట్టే సెన్సర్లు ఇందులో ఉంటాయి. డాష్‌బోర్డు మీద బొమ్మో, గుడ్డో పెట్టి వాటిని కప్పేస్తే లెక్క తప్పుతుంది. ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వేడిగా గాలి వస్తుంటే, లోపల గాలిని కలిపే చిన్న తలుపు ఇరుక్కున్నదేమో చూడాలి. కారు కింద నీళ్ళు కారితే మాత్రం కంగారు పడనక్కరలేదు. అది గాలిలోని తేమే.

పిల్లలూ, ఇవన్నీ గమనించి పెద్దవాళ్ళకు చెప్పండి. కాని బోనెట్ కింద చెయ్యి పెట్టకండి. ఇంజను ఆపినా ఫ్యాను ఉన్నట్టుండి తిరగవచ్చు. పైకి చిమ్మిన గ్యాసు కంటికీ చర్మానికీ ప్రమాదం. ఎండలో ఆపిన కారు కొద్ది నిమిషాలలో పొయ్యి అవుతుంది. తలుపులు వేసి అందులో ఎప్పుడూ కూర్చోకండి, చిన్నపిల్లలను అసలే వదలకండి.

మరునాడు పొద్దున్నే డ్రైవరు గుంటూరు పెద్దాయన ఇంటి ముందు కారు ఆపాడు. టోల్ గేటు దగ్గర వరస పెద్దదిగా ఉన్నది. పెద్దాయన చల్లగాలికి చెయ్యి చాచి, "రోగం కుదిరిందే! ఎంతయింది?" అని అడిగాడు.

"హారన్ ఖరీదంత కూడా కాలేదండీ," అన్నాడు డ్రైవరు. స్కూలు ఫీజు సంచీలో భద్రంగా ఉన్నది.