మడ అడవిలో మెల్లగా ఒక నడక

ట్రెకింగ్ అనగానే మన హాస్టల్లో అందరికీ కొండలే గుర్తొస్తాయి. అరకు, లంబసింగి, మారేడుమిల్లి. తెల్లవారుజామున లేవడం, బ్యాగు భుజాన వేసుకోవడం, ఆయాసపడుతూ పైకెక్కి ఫొటో దిగడం. నాకూ అదే ఇష్టం. కానీ పోయిన డిసెంబరు సెలవుల్లో మా తాతయ్య "నన్నోసారి మడల్లోకి తీసుకెళ్లరా" అని అడిగాడు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. అలాంటి మనిషితో కలిసి ఒక పూటంతా అడవిలో నడవగలనని నేను అనుకోలేదు. నడిచాం. ఆ నడకలో నేను తెలుసుకున్నవే ఈ వ్యాసం.

ఎక్కడుంది ఈ అడవి?

మేం వెళ్లింది కోరింగ వన్యప్రాణి అభయారణ్యానికి. కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు పక్కనే దారి ఉంటుంది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి నుంచి విడిపోయిన కోరింగ, గాడేరు పాయలు ఈ అడవి గుండా పారి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. నది మోసుకొచ్చిన ఒండ్రు, సముద్రం తోసుకొచ్చిన ఉప్పునీళ్లు కలిసే చోట పెరిగే అడవి ఇది. మడ అడవి అంటే అదే.

బురదలో దిగకుండా నడవడానికి స్తంభాల మీద చెక్కబాట వేశారు. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. రెండు పక్కలా చెట్లు, కింద బురద, కాసేపటికి అదే బురద మీద నీళ్లు. పిల్లలూ నడవచ్చు, ముసలివాళ్లూ నడవచ్చు. త్వరగా నడిస్తే మాత్రం ఏమీ కనిపించదు. మా తాతయ్య పది అడుగులకోసారి ఆగడం వల్లే నాకు సగం సంగతులు కనిపించాయి.

పోటూ ఆటూ చూసుకుని బయల్దేరాలి

ఇక్కడికి వెళ్లేటప్పుడు వాతావరణం కన్నా ముందు ఆటుపోట్లు చూసుకోవాలి. మన తీరంలో సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ రోజు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పున్నమికీ సూర్యుడూ చంద్రుడూ భూమితో ఒకే వరసలో ఉంటారు కాబట్టి పోటు పెద్దది. అష్టమి దగ్గర్లో చిన్నది.

నేను ఫోన్‌లో పోటు వేళలు వెతుకుతుంటే తాతయ్య నవ్వాడు. "ఇవాళ తిథేవిటో చెప్పు, నీళ్లెప్పుడొత్తాయో నే చెబుతాను" అన్నాడు. చెప్పాడు కూడా. నా ఫోన్ చూపించిన టైముకీ ఆయన చెప్పినదానికీ అరగంట కూడా తేడా లేదు. దగ్గర్లోని చొల్లంగిలో పుష్య బహుళ అమావాస్య నాడు జనం సముద్రస్నానానికి వస్తారు. ఆ రోజునే చొల్లంగి అమావాస్య అంటారు. సముద్రం బాగా పొంగే తిథుల్లో అదొకటని నాకు ఆ రోజే తట్టింది.

వేర్లూ పీతలూ చూడాలంటే ఆటు వేళ వెళ్లండి. పడవెక్కాలంటే పోటు ఉండాలి. నీళ్లు తీసేస్తే పాయల్లో పడవ కదలదు.

వేర్లు పైకెందుకు వచ్చాయి?

చెక్కబాట మీంచి కిందికి చూస్తే మొదట ఆశ్చర్యపరిచేవి వేర్లే. ఎవరో బురదలో వేల పెన్సిళ్లు నిలబెట్టి గుచ్చినట్టు ఉంటాయి. ఇవి మడ చెట్టు శ్వాసవేర్లు.

మామూలు నేలలో మట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది. ఈ బురదలో ఆ ఖాళీలన్నీ నీళ్లతో నిండిపోతాయి. ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ సూక్ష్మజీవులు వాడేస్తాయి. ఆ కుళ్లిన గుడ్డు వాసన కూడా అందుకే, ఆక్సిజన్ లేని చోట బతికే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కాబట్టి చెట్టు తన వేర్లనే గాలిలోకి పంపింది. వాటి మీద సన్నటి రంధ్రాలుంటాయి. పోటు వేళ వేరు మునిగినప్పుడు లోపలి ఆక్సిజన్ ఖర్చయి పీడనం తగ్గుతుంది. ఆటుకి వేరు బయటపడగానే ఆ తేడా వల్ల గాలి లోపలికి దూసుకుపోతుంది. అంటే చెట్టు ఊపిరి తీసేది సముద్రం లయతోనే. మన ఫ్లూయిడ్ మెకానిక్స్ సారు ఈ ఉదాహరణ చెప్పి ఉంటే ఆ చాప్టర్ నాకు ఎప్పటికీ గుర్తుండేది.

నీళ్లు ఆరు గంటలు కాక ఆరు వారాలు నిలిచిపోతే ఈ ఏర్పాటు పనిచేయదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఉప్పు సంగతేం చేస్తుంది?

మన హాస్టల్ ఆర్‌ఓ ప్లాంటులో మోటారు పెట్టి పీడనంతో ఉప్పునీటిని పొరలోంచి తోస్తాం. పాయల ఒడ్డున ఊతవేర్ల మీద నిలబడే ఉప్పుపొన్న జాతి చెట్లు అదే పని మోటారు లేకుండా చేస్తాయి. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే కాండంలో పైకి లాగే బలం పుడుతుంది. ఆ బలంతో వేరు పొరల గుండా నీరు వస్తుంది, ఉప్పులో చాలా భాగం బయటే ఆగిపోతుంది.

తెల్లమడ, నల్లమడ చెట్ల పద్ధతి వేరు. ఇవి కొంత ఉప్పుని లోపలికి రానిచ్చి, ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటికి పంపేస్తాయి. తాతయ్య ఒక మడ ఆకు చూపించి "నాలిక్కి రాసుకో" అన్నాడు. ఉప్పగా ఉంది. ఆ పక్కనే ఇంకో చెట్టు వైపు చెయ్యి చాపితే మాత్రం మణికట్టు పట్టుకుని ఆపేశాడు. "అది తిల్లరా. పాలు కంట్లో పడితే చూపు పోద్ది." ఆయన చెప్పింది నిజమే, తిల్ల చెట్టు పాలు కళ్లకి చాలా ప్రమాదం. తెలియని చెట్టుని ముట్టుకోకండి.

ఉప్పుపొన్నది ఇంకో విశేషం ఉంది. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తుతుంది. ములక్కాయ ముక్కలా పొడుగ్గా వేలాడుతుంది. రాలాక బురదలో గుచ్చుకుంటే అక్కడే వేరూనుతుంది, నీళ్లలో పడితే తేలుతూ పోయి దొరికిన చోట నిలబడుతుంది.

బురదలో ఎవరున్నారు?

కాసేపు కదలకుండా నిలబడితే బురదే కదలడం మొదలెడుతుంది. ఒక్క పెద్ద డెక్కని గాలిలో ఊపుతుండే మగ ఫిడ్లర్ పీతలు. రెక్కల మీద ఆనుకుని గెంతే బురద చేపలు, చర్మం తడిగా ఉన్నంతసేపూ ఇవి నీళ్ల బయట బతకగలవు. కొమ్మ మీద లకుముకి పిట్ట. శీతాకాలంలో దూరదేశాల నుంచి వచ్చే పక్షులు అఖాతం వైపు బురద మైదానాల్లో దిగుతాయి. నీటికుక్కలూ, చేపలు పట్టి తినే బావురుపిల్లీ ఈ అడవిలోవే. బావురుపిల్లి రాత్రి తిరిగేది, పగలు కనిపిస్తుందని ఆశపడకండి. మాకూ కనిపించలేదు.

తుపాను నాటి మాట

కోరింగ ఒకప్పుడు పెద్ద రేవు. ఇక్కణ్నుంచి ఓడలెక్కి మనవాళ్లు ఎంతమంది బర్మా వెళ్లారంటే, అక్కడ తెలుగువాళ్లకి కోరంగీలనే పేరు పడింది. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు ఆ రేవుని దెబ్బతీశాయి.

మా తాతయ్యకి గుర్తున్నది 1996 నవంబరు 6. ఆ రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. చెక్కబాట పక్కనున్న బల్ల మీద కూర్చుని ఆయన ఆ రాత్రి గురించి చెప్పాడు. "గాలిని ఏదీ ఆపలేదురా. ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. కానీ కెరటం మాత్రం మా మీదకి రాలేదు. నీళ్లొచ్చాయి, మెల్లగా వచ్చాయి. పిల్లల్ని ఎత్తుకుని పోయే టైం దొరికింది." ఆ పిల్లల్లో మా నాన్న ఒకడు.

దీన్ని అతిగా చెప్పకూడదు. మడ అడవి గోడ కాదు. వంద మీటర్ల వెడల్పున్న మడ అడవి మామూలు అలల ఎత్తుని 13 నుంచి 66 శాతం దాకా తగ్గించగలదని పరిశోధనల్లో తేలింది. తుపాను ఉప్పెన విషయంలో ఆ ప్రభావం చాలా తక్కువ. కిలోమీటరు అడవికి నీటిమట్టం కొద్ది సెంటీమీటర్ల నుంచి అర మీటరు దాకా మాత్రమే తగ్గుతుంది. అంటే పెద్ద ఉప్పెనకి కిలోమీటర్ల వెడల్పు అడవి కావాలి. పలచబడిన అడవితో పని జరగదు.

చేపముల్లు కాలువలు

అడవి పలచబడటానికి కారణం తెలుసుకోవడానికి నేను దూరం వెళ్లక్కర్లేదు. తాతయ్య పొయ్యిలోకి మడ కట్టెలే కొట్టుకొచ్చేవాడు. ఆయన ఆ మాట దాచలేదు. తీరంలో చాలాచోట్ల మడలు నరికి రొయ్యల చెరువులు తవ్వారు. మా ఇంట్లోనూ ఒక చెరువుంది. నా కాలేజీ ఫీజులో సగం రొయ్యల డబ్బే. అందుకే ఈ విషయంలో ఎవరినీ వేలెత్తి చూపే అర్హత నాకు లేదు.

నరికిన చోట మళ్లీ మొక్క నాటితే సరిపోతుంది కదా అనుకుంటాం. సరిపోదు. చెట్లు పోయాక ఎండకి బురద ఎండి, నేల కుంగి పళ్లెంలా తయారవుతుంది. పోటుకి వచ్చిన నీళ్లు అందులో నిలిచిపోతాయి, బయటికి పోవు. ఎండకి ఆవిరై ఉప్పు పేరుకుంటుంది. వేరుకి గాలీ లేదు, నీటిలో ఉప్పూ ఎక్కువ. ఏ గింజా బతకదు.

1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, గ్రామస్థుల కమిటీలు కలిసి గోదావరి డెల్టాలో దీనికి పరిష్కారం అమలు చేశాయి. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, పైనుంచి చూస్తే చేపముల్లు ఆకారం. పోటుకి నీళ్లు లోపలికి వస్తాయి, ఆటుకి వెళ్లిపోతూ ఉప్పుని కడిగేస్తాయి. ఆ తర్వాత కాలువల వెంట మొక్కలు నాటారు. అంటే ముందు నీళ్లు వచ్చిపోయే దారి బాగుచేశారు, చెట్టు ఆ తర్వాత.

ఆ కాలువలు తవ్విన కూలీల్లో మా తాతయ్య ఉన్నాడు. "నువ్వు నాటినవి ఏవి తాతయ్యా?" అని అడిగాను. "నాటినవాటికీ లెక్కలేదు, నరికినవాటికీ లెక్కలేదు. ఎవడు రాసుకున్నాడ్రా?" అన్నాడు.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, కానీ నవంబరులో తుపాను హెచ్చరికలు చూసుకోండి. పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి, తడిసిన చెక్క జారుతుంది. దోమలకి పూత, తాగడానికి నీళ్లు, వీలైతే బైనాక్యులర్ తెచ్చుకోండి. పాటలు పెట్టకండి. చిప్స్ ప్యాకెట్ బురదలో పడేస్తే అది శ్వాసవేర్ల మీద చుట్టుకుంటుంది, పోటొచ్చినా కదలదు. మేం చేతికందినవి నాలుగు తీశాం. అందనివి ఇంకా అక్కడే ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి పోటు మొదలైంది. ఇందాక చూసిన పెన్సిళ్లన్నీ ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. ఆ సాయంత్రం బాబాయి, పాయ పక్కన ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకుని చెరువు తవ్వుదామా అని నాన్నతో అంటున్నాడు. తాతయ్య భోజనం చేస్తూ ఏమీ మాట్లాడలేదు. "ఆ పక్కన మడలున్నాయి కదా బాబాయ్" అని నేనే అన్నాను. "నీ ఫీజెలా కట్టాలిరా మరి?" అన్నాడు బాబాయి. నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ రెండెకరాలు ఇంకా ఎవరూ తవ్వలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు మళ్లీ మాట్లాడతాను.