పళ్ళ సెట్టుకు నీళ్ళెందుకు?

కట్టుడు పళ్ళు చేసే టెక్నీషియన్‌ని నేను. సెట్టు కొత్తగా పెట్టించుకున్న పెద్దవాళ్ళు తరచూ అడిగే మాట ఒకటుంది: "రాత్రిపూట నీళ్ళలోనే ఎందుకు పెట్టాలి బాబూ? తుడిచి డబ్బాలో పెట్టుకుంటే కాదా?" కాదమ్మా. ఎందుకు కాదో తెలియాలంటే ఆ చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ ఎలా తయారవుతుందో చూడాలి.

దాని పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. మా వాడుకలో అక్రిలిక్. 1930ల చివర్లో ఇది దంతవైద్యంలోకి వచ్చేదాకా సెట్లు ఎక్కువగా గట్టిపరిచిన రబ్బరుతో చేసేవారు. ఆ రబ్బరు చిగుళ్ళ రంగుకు దగ్గరగా కూడా ఉండేది కాదు.

మాకు ఇది రెండు సీసాల్లో వస్తుంది. పౌడర్ అంటే ముందే పాలిమర్‌గా, అంటే అణువుల పొడవాటి గొలుసులుగా, మారిన సన్నటి పూసలు, వాటితో కాస్త బెంజాయిల్ పెరాక్సైడ్. లిక్విడ్ అంటే మిథైల్ మెథాక్రిలేట్. దానికది సీసాలోనే గడ్డకట్టకుండా అందులో చిటికెడు హైడ్రోక్వినోన్ కలుపుతారు, వెలుతురు తగలకుండా ముదురురంగు సీసాలో పోస్తారు. మూత తీస్తే ఘాటు ముక్కులకెక్కుతుంది.

కొలతలో సుమారు మూడు వంతుల పౌడర్‌కు ఒక వంతు లిక్విడ్. కలిపి మూతపెడితే మొదట తడి ఇసుకలా ఉంటుంది, తర్వాత తీగలు సాగుతుంది, ఆపైన చేతికంటని చపాతీ పిండిముద్ద అవుతుంది. ప్లాస్టర్ అచ్చులోకి నొక్కాల్సింది అప్పుడే. విజయవాడ మే నెల ఎండల్లో ఈ దశ చూస్తుండగానే దాటిపోతుంది, అందుకే కలిపే పింగాణీ గిన్నెను ముందే చల్లబరుస్తాం.

లిక్విడ్ ఒక్కటే పోసి గట్టిపడనిస్తే ఘనపరిమాణంలో 21 శాతం దాకా కుంచించుకుపోతుంది. అలాంటి సెట్టు ఏ నోటికీ సరిపోదు. పౌడర్ కలిపితే, ఎక్కువ భాగం ముందే పాలిమరై ఉండడం వల్ల ఆ కుదింపు దాదాపు 7 శాతానికి దిగుతుంది.

అచ్చును వేడినీళ్ళలో ఉంచాక అసలు పని మొదలవుతుంది. 60 డిగ్రీలు దాటితే పెరాక్సైడ్ విరిగి ఫ్రీ రాడికల్స్ పుడతాయి. అవి లిక్విడ్‌లోని అణువుల ద్విబంధాలను తెరుస్తాయి. అణువుకు అణువు కలుస్తూ పొడవాటి గొలుసులు తయారవుతాయి. ప్రతి కలయికా వేడిని విడుదల చేస్తుంది కాబట్టి, మందంగా ఉన్నచోట లోపలి వేడి బయటి నీళ్ళను మించిపోతుంది. లిక్విడ్ మరిగేది 100.8 డిగ్రీల దగ్గర. తొందరపడి మంట పెంచితే అది లోపలే మరిగి బుడగలు మిగులుస్తుంది, ఆ బుడగల దగ్గరే రేపు సెట్టు విరుగుతుంది. అందుకే 74 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతాం, నెమ్మదిగా చల్లారనిస్తాం. ఓపిక పట్టడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. గొలుసులో చేరని లిక్విడ్ మిగిలితే కొందరికి నోరు మండుతుంది. పూర్తిగా గొలుసైపోయిన పదార్థాన్ని మాత్రం శరీరం చక్కగా ఓర్చుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అక్రిలిక్ పెంకులు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని తిరస్కరించలేదని కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లే గమనించారు. 1949లో లండన్‌లో శుక్లం తీసిన కంట్లో అదే పదార్థంతో చేసిన లెన్స్ అమర్చారు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. అక్రిలిక్ కొద్దికొద్దిగా నీరు పీల్చుకుంటుంది, బరువులో 2 శాతం వరకు. దాంతో కాస్త ఉబ్బి, తయారీలో కుంచించుకున్నదాన్ని కొంత పూడ్చుకుంటుంది. ఎండనిస్తే మళ్ళీ బిగుసుకుని కొలత మారుతుంది. సుమారు 105 డిగ్రీలకు మెత్తబడే పదార్థమైనా, అంతకు దిగువన కూడా మరిగే నీళ్ళు తగిలితే లోపలి ఒత్తిళ్ళు సడలి వంకరపోతుంది. స్పిరిట్, అసిటోన్ తగిలితే వెంట్రుకవాసి పగుళ్ళు లేస్తాయి. కాబట్టి చల్లటి నీళ్ళే మంచివి. కడిగేటప్పుడు కింద తువ్వాలు పరచుకోండి, పడితే పెళుసుగా విరుగుతుంది.

ఈ మెథాక్రిలేట్ల కుటుంబంలో గొలుసు పక్కన వేలాడే గుంపు మారితే గుణమే మారిపోతుంది. మిథైల్ బదులు ఇథైల్ పెడితే దాదాపు 65 డిగ్రీలకే మెత్తబడుతుంది, బ్యూటైల్ అయితే 20 డిగ్రీల దగ్గరే. నొప్పిపెట్టే చిగుళ్ళకు సెట్టు లోపల వేసే మెత్తటి పొరల్లో ఇథైల్ రకం వాడతారు. నీటిని ఇష్టపడే హైడ్రాక్సీఇథైల్ గుంపు తగిలిస్తే మెత్తటి కాంటాక్ట్ లెన్స్ అవుతుంది. 1961 చివర్లో రసాయన శాస్త్రవేత్త ఒట్టో విఖ్టర్లే ప్రాగ్‌లోని తన ఇంట్లో, పిల్లల ఆటబొమ్మల సామాను బిగించి చేసిన యంత్రంతో అలాంటి లెన్సులు తయారుచేశారు. ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

సెట్టు విరిగితే ఇంట్లో జిగురు పూయకండి. విరిగిన అంచులకు మా లిక్విడ్ రాస్తే పాత అక్రిలిక్ పైపొర ఉబ్బి తెరుచుకుంటుంది, కొత్త గొలుసులు అందులోకి చొచ్చుకుపోయి పెనవేసుకుంటాయి. పైన జిగురు పేరుకుని ఉంటే ఆ దారి మూసుకుపోతుంది, అంచులు కూడా సరిగ్గా కలవవు. ముక్కలన్నీ, ఎంత చిన్నవైనా, తడిగుడ్డలో చుట్టి డాక్టరుగారికి ఇవ్వండి.